భాస్కర్ సొంతింటి సంబరం

అప్పు తీర్చేవాడు అంత సంతోషంగా ఉండడం బట్టల వ్యాపారి వీరభద్రం తన ముప్పై ఏళ్ల అనుభవంలో ఎన్నడూ చూడలేదు. అందుకే సారంగపాణి ఇచ్చిన నోట్లను ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏమనుకోకుర్రి సారూ. నవ్వుకుంట పైసలిచ్చేటోళ్లను సూస్తే జర భయమైతది."

"సూడుర్రి, మంచిగ సూడుర్రి. తిరగేసి గూడ సూడుర్రి!" అన్నాడు సారంగపాణి.

బాకీ సారంగపాణిది కాదు. పక్కన నిలబడి, గోడమీది క్యాలెండరును అమిత శ్రద్ధగా చదువుతున్న భాస్కర్‌ది.

భాస్కర్ ప్రభుత్వ గుమాస్తా, మంచి మాటకారి, దుకాణం ముందు నుంచి ఊరికే నడిచిపోలేని మనిషి. టెర్లిన్ గుడ్డ, గోడ గడియారం, ట్రాన్సిస్టరు, మడత కుర్చీలు, ఏది కంటికి నచ్చినా ఖాతాలో రాయించి తెచ్చుకునేవాడు. మొదటి వాయిదా కట్టేవాడు. రెండో వాయిదా నాటికి దారి మార్చేవాడు. అలా మార్చీ మార్చీ, చివరికి మట్టెవాడలోని ఇంటి నుంచి పక్కనే ఉన్న ఆఫీసుకు ఊరంతా చుట్టి చేరుకునే స్థితికి వచ్చాడు.

ఇప్పుడా దుకాణాలే అడ్డం నిలిచాయి. ఇంటి అప్పుకు దరఖాస్తు పెడితే గృహనిర్మాణ సహకార సంఘం వాళ్లు ఊరికే ఒప్పుకోరు. మనిషి ఎలాంటివాడని బజారులో విచారిస్తారు. ఒక్క దుకాణదారు పెదవి విరిచినా అప్పు రాదు. అప్పు రాకపోతే ఇల్లు లేదు.

ఈ సంగతి తెలిసిన నాటి నుంచి సారంగపాణికి నిద్ర లేదు. ఆయన భార్య సరస్వతి భద్రకాళికి మొక్కుకుంది. చీటీ ఎత్తిన డబ్బంతా మూటగట్టి ఆయన చేతిలో పెట్టింది.

"సాలకపోతే నా కమ్మలు గూడ తీస్కపోర్రి. పిలగానికి ఇల్లయితే సాలు," అంది.

వీరభద్రం నోట్లు గల్లాలో వేసుకుని నిట్టూర్చాడు. "వచ్చే నెల ఇస్త అన్నడు సారూ. ఏ సంవత్సరందో చెప్పలే."

"ఆ వచ్చే నెల నాకు తెల్వదా!"

ఇద్దరూ పకపకా నవ్వారు. ఎవరో మూడో మనిషి గురించి అన్నట్టు భాస్కర్ కూడా నవ్వాడు.

దుకాణం దిగాక అతను కాస్త నీరసంగా అడిగాడు. "కాకా, ఒక్క మాట. ఇప్పుడున్న ఇల్లు మంచిగనే ఉన్నది గద. గాలొస్తది, నల్లా ఉన్నది. గీ లోను లొల్లి మనకు అవసరమా?"

సారంగపాణి గబుక్కున అతని రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

"గట్లనకు బిడ్డా! మొగోడన్నంక సొంతిల్లుండాలె. నీ ఇంట్ల నువ్వు పాలు పొంగిస్తే నా కండ్లతోటి సూడాలె. నాకింకేం వద్దు."

భాస్కర్ కళ్లు చెమర్చాయి. ఆ చెమ్మలో నుంచే ఎదుటి దుకాణంలోని ప్రెషర్ కుక్కర్ తళుక్కుమంది. సారంగపాణి అతని భుజం పట్టుకుని గబగబా రోడ్డు దాటించాడు.

దర్జీ రత్నం డబ్బు తీసుకుని, ఏనాడో కుట్టి ఉంచిన కోటు బయటికి తీశాడు. భాస్కర్ తొడుక్కున్నాడు. బొత్తాం దగ్గరికి కాజా రాలేదు.

"అప్పటి నడుము ఇప్పుడేడ దొరుకుతది సారూ," అన్నాడు రత్నం. సారంగపాణి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. ఆ వేళ ఆయనకు ప్రతిదీ ముచ్చటగానే ఉంది.

మిగిలింది రేడియో దుకాణం. యజమాని కిషన్ రావు డబ్బంతా తీసుకుని ఒక్క రూపాయి వెనక్కి నెట్టాడు.

"ఇది బాకీ ఉండనియ్యిర్రి."

"ఎందుకు?"

"ఖాతా మొత్తం సాఫ్ జేసుడంటే దోస్తాన ఖతమన్నట్టు. మా తాత నుంచి గిదే పద్ధతి. రూపాయన్న ఉంటే మనిషి మళ్లొస్తడు."

"మళ్లొస్తడా!" సారంగపాణి ఉలిక్కిపడ్డాడు. "వద్దు, వద్దు! పైస గూడ మిగలొద్దు! సంఘపోళ్లు అడిగితే ఏం చెప్తరు?"

"బాకీ ఉన్నడనే చెప్త. అబద్ధమెందుకాడుత?"

రూపాయి బల్లమీద ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ ప్రయాణం చేసింది. ఇద్దరి నుదుళ్లూ చెమట పట్టాయి. చివరికి సారంగపాణి దానిమీద అరచెయ్యి మోపాడు.

"సరే. గా రూపాయి నా పేరు మీద రాసుకోర్రి. నేనొస్త మళ్ల మళ్ల."

కిషన్ రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీకేమైతడు సారూ గీ పిలగాడు?"

"ఒక్క కప్పు కిందనే ఉంటం."

"కన్నతండ్రి గూడ గింత జెయ్యడు!" అంటూ చాయ్ తెప్పించాడు.

విచారణకు వచ్చిన అధికారి ముందు బజారంతా భాస్కర్‌ను పోటీపడి పొగిడింది. అప్పు మంజూరైంది. కాజీపేట దారిలో గోడలు లేచాయి. సారంగపాణి రోజూ పొద్దున్నే సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి, ఆ గోడలకు తానే నీళ్లు కొట్టి వచ్చేవాడు.

సామాను తరలించే రోజున సరస్వతి పరమాన్నం వండింది. సారంగపాణి మోకాళ్ల నొప్పి మరచి బీరువాకు భుజం పట్టాడు. గోడ గడియారం, ట్రాన్సిస్టరు, మడత కుర్చీలు, బొత్తాం పట్టని కోటు, అన్నీ బండెక్కాయి. భాస్కర్ వాళ్ల కాళ్లకు దండం పెట్టి బావురుమన్నాడు.

"మిమ్ముల ఇడిసి నేనుండలేను కాకా!"

"ఉంటవు బిడ్డా, ఉంటవు. అలవాటైతది," అంటూ సరస్వతి అతని చేతిలో ఇంకో గిన్నె పరమాన్నం పెట్టి బండి ఎక్కించింది.

బండి మలుపు తిరిగీ తిరగకముందే సారంగపాణి పరుగున వెనక్కి వచ్చి, భాస్కర్ ‘వచ్చే నెల ఖాళీ చేస్త కాకా’ అంటూనే పన్నెండేళ్లుగా కిరాయికి ఉన్న తన ఇంటి ముందరి గదులు రెండింటికీ తాళం వేశాడు.