ఇంజను చల్లారే దాకా

"ఆ పైపు కింద పెట్టమ్మా."

ఆమె పెట్టలేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది.

లారీ క్యాబిన్ ముందుకు వంచి ఉంది. లోపల ఇంజను సెగలు కక్కుతోంది. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు దాని మీద నల్లగా అట్టలు కట్టింది.

ఆపింది ఎవరో పెద్దాయన. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. భుజాన గళ్ల తువ్వాలు, చేతిలో బ్రష్షు. బళ్లు కడిగే షెడ్డులో పనివాడే అయ్యుంటాడనుకుంది. ఓనరు భోజనానికి వెళ్లాడు, పెత్తనం ఈయనకు వచ్చిందన్నమాట.

"నాకు టైము లేదు బాబాయ్."

"వేడి ఇంజను మీద చన్నీళ్లు కొడితే బీటలిస్తుంది. అప్పుడు నీకు కావలసినంత టైము."

ఆమెకు తెలియక కాదు. తొందర అలాంటిది.

పాల కంపెనీ ఒక్క లారీనే పెట్టుకుంటుంది. సాయంత్రం గేటు మూసేలోగా ముందొచ్చి తనిఖీలో నెగ్గిన బండికే పని. ఇంజను మీద జిడ్డుంటే ఆయిలు ఎక్కడ కారుతోందో కనపడదు. అలాంటి బండి వంక సూపర్‌వైజరు కన్నెత్తి కూడా చూడడు.

మొగుడు కాలు విరిగి మంచంలో ఉన్నాడు. పని దొరక్కపోతే లారీ అమ్మేద్దామని మరిది అప్పుడే బేరం మొదలెట్టాడు. ఆడమనిషి లారీ తోలడమేంటని వాడి ఏడుపు. చచ్చినా అమ్మనివ్వనని ఈమె పంతం.

"అరచెయ్యి ఆనించి చూడు. నిలిచిందా, కడుక్కో. నేనడ్డం రాను" అన్నాడాయన.

ఆమె ఆనించింది. ఆనించినంత వేగంగా వెనక్కి లాక్కుంది.

ఇక పైపు కింద పెట్టక తప్పలేదు.

ఊరికే కూర్చునే రకం కాదు ఆమె. బ్యాటరీ వైరు ఊడదీసింది. ఆయన ఎక్కడి నుంచో ప్లాస్టిక్ కవర్లు తెచ్చి అందిస్తే డైనమోకి, ఫ్యూజుల డబ్బాకి, ఇంజను గాలి పీల్చే గొట్టం మూతికి నీళ్లు పోకుండా బిగించి కట్టింది.

చేతులతో పాటు నోరూ పనిచేసింది. పోటీకి వస్తున్న ఇంకో లారీ డ్రైవరును తిట్టిపోసింది. బండి ముందు సింహం బొమ్మ వేయించుకున్నాడట. ఆమె మనిషినీ చూడలేదు, బండినీ చూడలేదు, మొగుడు చెప్పగా వినడమే. ఏ కంపెనీలో పని పడినా అతనే ఎగరేసుకుపోతాడట.

"ఆ సింహం గనక ఎదురుపడితే ఈ పైపుతోనే మొహం కడిగేస్తాను బాబాయ్."

ఆయన పొరపోయేలా నవ్వాడు. కడగాల్సిందేనన్నాడు.

తర్వాత మరిది సంగతి చెప్పింది. మంచంలో ఉన్న మనిషి గోడ వైపు తిరిగి పడుకోవడం చెప్పింది. ఆయన నవ్వు ఆగిపోయింది. షెడ్డు వెనక్కి ఓసారి చూశాడు, రోడ్డు వైపు ఓసారి చూశాడు. వెళ్లాలి, వెళ్లాలి అంటూనే సబ్బునీళ్లు కలిపాడు.

ఇంజను మీద చెయ్యి నిలిచింది.

ఆమె కొంగు దోపి తోమడం మొదలెట్టింది. నీళ్ల జోరు తగ్గించి, దూరం నుంచి, వైర్ల జోలికి పోకుండా కడిగింది. నల్లటి నీళ్లు షెడ్డు గుంటలోకి దిగుతుంటే, అడుగున ఇనుము రంగు తేలింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

తుడవడానికి గుడ్డ లేదు. ఆయన భుజం మీద తువ్వాలు తీసి ఇచ్చాడు.

"కొత్తదిలా ఉంది, పాడైపోతుంది."

"ఇంజను కంటే ఎక్కువేం కాదులే."

డైనమో, ఫ్యూజుల డబ్బా కవర్లు విప్పి, బ్యాటరీ వైరు బిగించింది. తువ్వాలు ఆయన చేతిలో పెట్టి, క్యాబిన్ దించి, ఎక్కి కూర్చుంది. తాళంచెవి తిప్పబోతుంటే ఆయన పరుగున వచ్చి తలుపు మీద దబదబా బాదాడు.

"గాలి గొట్టం కవరు విప్పావా?"

విప్పలేదు.

ఆ కవరుతో బయలుదేరి ఉంటే ఇంజనుకు ఊపిరాడక నడిదారిలో పరువు తీసేది. ఆమె మళ్లీ క్యాబిన్ ఎత్తి కవరు విప్పింది. ఈసారి తాళం తిప్పగానే లారీ ఒక్క ఊపున అందుకుంది.

"పని దొరికితే మొదటి టీ నీకే బాబాయ్. రేపు ఇక్కడే ఉంటావుగా?"

ఆయన జిడ్డు తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ముందు నువ్వెళ్లు. దారిలో ఎవర్నీ దాటనివ్వకు."

ఆమె ఎవర్నీ దాటనివ్వలేదు.

కంపెనీ ఆవరణలో సూపర్‌వైజరు టార్చి వేసి ఇంజనంతా గాలించాడు. కింద వేలు పెట్టి రాసి చూశాడు. వేలికి మరక అంటలేదు. పని ఆమెకే ఇచ్చినట్టు చెప్పాడు. ఆయన గేటు దాకా వెళ్లొచ్చేసరికి ఆమె ఇంకా లారీ చక్రానికే ఆనుకుని ఉంది.

"అదృష్టం మీదేనమ్మా" అన్నాడు సూపర్‌వైజరు. "ఆ సింహం లారీ ఆయన మధ్యాహ్నమే బండి కడిగేసి, వస్తున్నానని ఫోను చేశాడు. ఎక్కడ చిక్కుకుపోయాడో మరి, ఇందాకే వచ్చాడు. పని మీకిచ్చేశామంటే మారుమాట లేకుండా బండి తిప్పేశాడు."

ఆ మొహమేదో చూసి తీరాల్సిందేనని ఆమె గేటు దగ్గరికి విసవిసా నడిచింది.

సింహం లారీ అప్పటికే రోడ్డెక్కింది. ఎంత పరిగెత్తినా తోలేవాడి మొహం కనిపించలేదు.

బండి పక్క అద్దానికి ఆరేసిన గళ్ల తువ్వాలు మీద మాత్రం, ఆమె ఇంజను జిడ్డు ఇంకా తడిగానే ఉంది.