టెస్టు నంబరు

“మళ్ళీ ఎర్రరేనా?” మణిశంకర్ కుర్చీ వెనక నిలబడి అరిచాడు. “మూడింటికి ఆఫీసరుగారొస్తారు. ఇది ఆడితే ఆయన దగ్గర నీకు పోస్టు. ఆడలేదా, రేపట్నుంచి ఇక్కడికి కూడా రానక్కర్లేదు.”

వరహాలక్ష్మి నల్లటి స్క్రీను మీంచి కళ్ళు తిప్పలేదు. “ప్రోగ్రామ్‌లో తప్పు లేదండి. కంపైల్ చేస్తుంటే డేటాబేస్ లైబ్రరీ కనబడట్లేదంటోంది.”

“లైబ్రరీ కావాలంటే గౌతమీ గ్రంథాలయానికెళ్ళు. ఆదివారం రమ్మంటే ఒక్క వారమన్నా వచ్చావా? ఇప్పుడు చూడు!”

రాజమండ్రిలో నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని సాఫ్ట్‌వేర్ కంపెనీ అని బోర్డు కట్టినవాడికి అంతకంటే ఏం తెలుస్తుంది? ఆమె కమాండ్ చివర లైబ్రరీ పేరు చేర్చి, అదున్న ఫోల్డరు చూపించి మళ్ళీ కొట్టింది. ఈసారి ఎర్రర్ రాలేదు. అమ్మ ఇక పొలం పనికి వెళ్ళక్కర్లేదనుకుంటే ప్రాణం లేచొచ్చింది.

ప్రోగ్రామ్ చేసే పని చిన్నదే. ఫోన్ నంబరు ఇస్తే రెండు జాబితాల్లో వెతికి, ఆ నంబరు మీద ఏ పేరుందో చూపిస్తుంది. మొదటి జాబితా కులం సర్టిఫికెట్లు తీసుకున్నవాళ్ళది. రెండోది ఎవరిదో ఆమెకెవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

మూడింటికి ఆఫీసరు మార్కండేయులుగారు పెన్‌డ్రైవ్‌లో రెండో జాబితా తెచ్చిచ్చారు. వరహాలక్ష్మి ఎక్కించింది.

“ఏ నంబరుతో చూద్దామమ్మా?”

“నాదే కొడతానండి. టెస్టుకెప్పుడూ నాదే.” పది అంకెలూ కొట్టి ఎంటర్ నొక్కింది.

మొదటి జాబితా: వరహాలక్ష్మి, ఎస్సీ, కొవ్వూరు. రెండో జాబితా కోసం మళ్ళీ ఎంటర్ నొక్కమంది స్క్రీను.

“భేష్!” అన్నారు మార్కండేయులుగారు. “ఇక ఒక్కళ్ళూ తప్పించుకోలేరు.”

“రెండోది ఎవరి జాబితా అండి?”

“చర్చిల వాళ్ళదమ్మా. వాట్సాప్ గ్రూపుల్లోంచి లాగించాను. సర్టిఫికెట్లో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. దొరికినవాళ్ళకి సర్టిఫికెట్ రద్దు, దాంతో తెచ్చుకున్న సీటూ రద్దు.”

ఎంటర్ మీదున్న వేలు అక్కడే ఆగిపోయింది. సీటిచ్చిన కాలేజీ, అమ్మ పొలం పని, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి.

“వేరే నంబరు కొడతానండి,” అంది.

“మొదలెట్టింది అవనీ. ఆయనకి టైం లేదు,” అంటూ మణిశంకర్ చెయ్యి చాపి తనే ఎంటర్ నొక్కేశాడు.

ఆమె రాసిన ప్రోగ్రామ్ ఒక్క ఎర్రరూ లేకుండా ఆడింది.

రెండో జాబితా: తబిత, చర్చి పాటల బృందం, కొవ్వూరు.