బంతి ఇలా ఇవ్వండి

కాలేజీ బేస్‌బాల్ జట్టు ఈ ఏడూ ఓడింది. కుర్రాళ్లంతా వెళ్లిపోయాక, ముసలి కోచ్ వెండెల్ బంతి పట్టుకుని పిచర్లు బంతి విసిరే దిబ్బ మీద ఒక్కడే నిలబడ్డాడు.

ఆటల డైరెక్టర్ కర్టిస్ తిన్నగా వచ్చి చెయ్యి చాపాడు.

"బంతి ఇలా ఇవ్వండి కోచ్. రేపట్నుంచి కొత్తాయన వస్తాడు."

"నన్ను దింపేస్తున్నావన్నమాట!"

"ముప్పై ఏళ్లుగా ఆట మధ్యలో మీరు పిచర్లని దింపింది ఇలాగేగా! మీరు చెయ్యి చాపితే, కిక్కురుమనకుండా బంతి అందులో పెట్టి పోవాలి. నేను పిచర్‌గా ఉన్నప్పుడు ఫైనల్లో బంతిని నేలకేసి కొట్టానని జట్టులోంచే గెంటేశారు."

"పొగరుబోతు వెధవ్వి. గెంటక ముద్దు పెట్టుకుంటానా?"

"సరే, ఇవ్వండి మరి."

వెండెల్ ఆ చేతివంక చూశాడు. బంతిని కర్టిస్ బూట్ల ముందు నేలకేసి కొట్టాడు.

దిబ్బ దిగి, రెండడుగులేసి ఆగాడు.

"ఆ రోజు నీకు ఇంతలా మండిందట్రా?"