సరిపోయే స్లాట్

"పట్టదు," అంటూ గ్రేమ్ కార్డును బల్ల మీద పడేశాడు. "దీని అంచునున్న ఇత్తడి పళ్ళు పొడుగు. మన కంప్యూటర్లో ఉన్నవన్నీ పొట్టి స్లాట్లు. కొత్త కంప్యూటర్లలో ఈ పాత రకం స్లాట్ పెట్టడం ఎప్పుడో మానేశారట."

నొరీన్ మొహం వాడిపోయింది. ఈ మధ్యే పోయిన ఆమె మేనత్త తన ఎంబ్రాయిడరీ మిషన్‌ను ఆమెకు వదిలి వెళ్ళింది. ఈ కార్డు దాంతోపాటు వచ్చిందే. కార్డును కంప్యూటర్లో బిగిస్తే తప్ప మిషన్‌కు డిజైన్ అందదు. శుక్రవారానికల్లా జిల్లా షోలో కుట్టుపని పోటీకి టేబుల్‌క్లాత్ ఇచ్చెయ్యాలి. ఏటా రెండో బహుమతి రిబ్బన్ తెచ్చుకుని సొరుగులో పడేసే మనిషి. అత్త గీసిన బాటిల్‌బ్రష్ పూలతో ఈసారైనా మొదటి బహుమతి నీలం రిబ్బన్ కొట్టాలని ఎంతో ఆశపడింది.

"అదే కనక మనం..." అని ఏదో అనబోయి, మొగుడి మొహం చూసి మాట మార్చింది. "డగ్ షెడ్డులో పాతవి ఉంటాయి. ఒకసారి వెళ్ళి అడగరాదూ?"

"డగ్గా!"

ఆ పేరు వింటేనే గ్రేమ్‌కు ఒళ్ళు జలదరిస్తుంది. ఏడాదికోసారి చెత్త లారీ వచ్చే వారం, అందరూ పాత సామాన్లు ఇంటి ముందు గడ్డి మీద పెట్టగానే, డగ్ ట్రాలీ తగిలించుకుని బయల్దేరతాడు. విరిగిన ఫ్యాన్లు, చిరిగిన సోఫాలు, కాలిపోయిన కెటిళ్ళు, ఏదీ వదలడు. వీధి ఎంగిలంతా వాడికే కావాలి. అలాంటివాడి గుమ్మం తొక్కడమా?

తొక్కాడు. పెళ్ళాం కళ్ళల్లో నీళ్ళు చూసి తొక్కాడు. కార్డు పళ్ళను కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్ట మీద గీసి, ఆ ఆకారంలో కత్తిరించి, ముక్కను చొక్కా జేబులో పెట్టుకుని మరీ వెళ్ళాడు.

"రా గురూ, రా!" అన్నాడు డగ్. "ఇన్నేళ్ళకి దయ కలిగింది."

"కబుర్లొద్దు. పాత రకం స్లాట్ ఉన్న కంప్యూటర్ కావాలి."

షెడ్డులో బూజు వాసన. గ్రేమ్ ముక్కు మూసుకుని ఒక్కో కంప్యూటర్ పెట్టె మూత తీసి అట్టముక్క పెట్టి చూశాడు. ఒకదానికి స్లాట్ పొట్టి. ఇంకోదానికి పొడుగు సరిపోయినా, పళ్ళ మధ్య ఉండే గాటు వేరే చోట ఉంది. మరోదాంట్లో స్లాటే విరిగింది.

మూలనున్న పెట్టె మూత తీసి, ఒక్క గెంతున వెనక్కి వచ్చాడు.

"ఛీ! ఏంట్రా బాబూ ఇది!"

బొద్దింకల గుడ్లు. ఫ్యాన్ నిండా ఉండచుట్టుకుపోయిన కుక్క వెంట్రుకలు. బోర్డు మీద ఎప్పుడో ఒలికిన బీరు జిగురుగా ఎండి, దాంట్లో రొట్టె పొడి. ఓ పక్కన ఎండిపోయి అతుక్కున్న బల్లి.

"పై డబ్బా వానకి తుప్పు పట్టుంటే మార్చాను," అన్నాడు డగ్. "లోపలి సరుకు మాత్రం వచ్చింది వచ్చినట్టే ఉంది."

"ఏ పంది వాడిందయ్యా దీన్ని? దీని ముందు కూర్చుని తిన్నాడా, దీంట్లోనే తిన్నాడా?"

"పందేం కాదులే. పరువుగల మనిషే. మన వీధే."

"మన వీధా!"

"పేరడక్కు. ఎవరి గడ్డి మీద ఏం దొరికిందో చెప్పను. ఈ పనిలో నాకున్న మర్యాద అదొక్కటే."

"చెప్పకు మహానుభావా! తెలిస్తే రేపట్నుంచి వాడి మొహం చూడలేను."

డగ్ ఎందుకో దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు.

గ్రేమ్ మొహం పక్కకు తిప్పుకుని అట్టముక్క లోపలికి దించాడు. పొడుగు సరిపోయింది. గాటు సరిపోయింది. పక్కన వైర్లు కూడా అడ్డం రాలేదు. ఇంత శుభ్రమైన వీధిలో తన అవసరం తీర్చేది ఈ పెంటకుప్పేనా అని ఏడుపొచ్చింది.

"ఊరికే తీసుకెళ్ళు," అన్నాడు డగ్. "నీ దగ్గర తీసుకుంటే బాగోదు."

పెట్టెను ఒంటికి తగలకుండా చేతులు చాచి పట్టుకుని నడుస్తూ, దారి పొడుగునా ఒక్కో ఇంటినీ అనుమానంగా చూశాడు. కత్తిరించిన గడ్డి, కడిగిన కార్లు, పూలకుండీలు. పైకి ఎంత ఠీవి! లోపల బల్లుల శ్మశానం. వీళ్ళతోనా తను ఇన్నాళ్ళూ నవ్వుతూ మాట్లాడింది?

వరండాలో పెట్టె దించగానే కుక్క బస్టర్ పరుగెత్తుకొచ్చింది. వాసన చూసి, తోక ఊపి, పెట్టెకి ఆనుకుని పడుకుంది.

"నీకే నచ్చాలి," అన్నాడు గ్రేమ్ అసహ్యంగా.

చేతికి తొడుగులు, మూతికి గుడ్డ. బ్రష్షు విరిగింది. మూడు బకెట్ల నీళ్ళు నల్లబడ్డాయి. బల్లిని ఊడదీసేటప్పుడు మాత్రం నొరీన్‌ను పిలిచి చూపించాడు.

"చూశావా? ఇలాంటివాళ్ళకి కంప్యూటర్ అమ్మడమే నేరం. ఆ ఇంట్లో ఆడదెవరో గానీ, ఆవిడనీ అనాలి!"

"ఆవిడనెందుకూ అనడం," అంది నొరీన్ చిన్నబుచ్చుకుని.

ఆరాక కార్డు దించాడు. టక్కున కూర్చుంది. మరలు బిగించి, మిషన్‌కు కేబుల్ కలిపి, బటన్ నొక్కాడు. ఫ్యాన్ గుర్రుమని తిరిగింది. మిషన్ సూది ఒకసారి ఎగిరి నిలబడింది.

"పనిచేస్తోంది!" అని నొరీన్ చప్పట్లు కొట్టింది.

"ఆగు. ఆ దరిద్రుడు లోపలున్నవి చెరిపి కూడా ఉండడు. వాడెవడో ఇప్పుడు తేలిపోతుంది," అంటూ గ్రేమ్ కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగాడు.

తెర మెల్లగా వెలిగింది. దాని మీద, పడవలో నిలబడి, మూరెడు చేపను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు గ్రేమ్.