మసి కాలే దాకా

ఫ్లాస్కు మూతలోని రబ్బరు ఎవరు పారేశారన్న దగ్గర మొదలైంది గొడవ.

"నల్లగా జిగటగా ఉంటే చెత్త అనుకున్నాను అత్తయ్యా," అంది కోడలు.

"నల్లగా ఉన్నదల్లా చెత్తయితే ఈ ఇంట్లో మూకుడు కూడా మిగలదు," అంది అత్తగారు.

కొడుకు కారు తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఇద్దరినీ విసుగ్గా చూశాడు. వీళ్లకి ఎప్పటికీ పడదని అతని గట్టి నమ్మకం. చిన్న కారు వదిలించుకోవడానికి అతను చెప్పిన కారణాల్లో అదొకటి. ఇద్దరూ ఒక బండిలో కూర్చుంటే పోట్లాటే కదా అన్నాడు.

ఆ చిన్న పెట్రోలు కారు కోడలు ఉద్యోగం చేసిన రోజుల్లో తన జీతంతో కొన్నది. కాగితాలు మాత్రం అతని పేరున ఉన్నాయి. మధ్యాహ్నాలు అత్తగారిని మోకాళ్ల వ్యాయామానికి అందులోనే తీసుకెళ్లేది. ఒక సాయంత్రం ఆమె వంటలో ఉండగా అతను వచ్చి, దాన్ని ఒక డీలరుకి ఇచ్చేసి పెద్ద డీజిల్ కారు తెచ్చానని చెప్పాడు.

"నన్నొక మాట అడగాల్సింది," అంది.

"అడిగితే వద్దంటావని తెలుసుగా," అని నవ్వాడు. వ్యాయామం ఇంట్లో చేసుకున్నా వ్యాయామమేనని తల్లికి సర్దిచెప్పాడు. ఆవిడ, "వాడికి తెలీదా ఏం చెయ్యాలో," అని తన గదిలోకి వెళ్లిపోయింది.

కోడలు ఆ నవ్వును భద్రంగా దాచుకుంది. ఈ పెద్ద కారును అతను తన చేతులతోనే బయటికి పంపాలి. తన బండి తన దగ్గరికి రావాలి. అంతకు తక్కువైతే ఆమెకు అక్కర్లేదు.

దారి అతనే చూపించాడు. కొన్నాళ్లకు స్టీరింగ్ వెనక పసుపు దీపం వెలిగితే మెకానిక్ దగ్గరికి వెళ్లొచ్చి, విన్నదంతా ఇంట్లో పాఠంలా అప్పజెప్పాడు. డీజిల్ పొగలోని మసిని ఒక ఫిల్టరు పట్టి ఉంచుతుందట. ఆగకుండా, కాస్త వేగంగా, దూరం నడిపితే అది బాగా వేడెక్కి ఆ మసిని కాల్చేసుకుంటుందట. సగంలో ఇంజను ఆపితే సగం మసి అలాగే ఉండిపోతుందట. ఆఫీసుకీ కూరల కొట్టుకీ తిప్పితే చాలదు, ఇక ప్రతి ఆదివారం హైవే ఎక్కాల్సిందే అన్నాడు.

"ఇంజను ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ వేడి వాసన వస్తుంటే మసి కాలుతున్నట్టు, అప్పుడు మాత్రం ఇంజను ఆపకు. గుర్తుందా?"

కోడలు బుద్ధిగా తలూపింది. ఆ వారమంతా పాలకీ కూరలకీ ఆ కారులోనే వెళ్లింది. ఫ్యాన్ ఎప్పుడు గట్టిగా తిరిగిందో సరిగ్గా అప్పుడే ఆపి, నింపాదిగా తాళం తీసి సంచిలో వేసుకుంది.

ఆదివారం అతను ఒక్కడే వెళ్దామనుకున్నాడు. నన్ను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి నువ్వొక్కడివే షికారుకెళ్తావా అని తల్లి ముందుసీటు ఎక్కేసింది. అత్తగారి మాత్రలకీ నీళ్లకీ మనిషి ఉండాలని కోడలు వెనక ఎక్కింది.

హైవే మీద బండి ఇలా వేడెక్కిందో లేదో, అత్తగారికి కడుపులో తిప్పింది. పక్కకి ఆపాడు. ఆపగానే ఇంజనూ కట్టేశాడు. నిలబడ్డ బండిలో చుక్క డీజిల్ కాలినా ప్రాణం ఉసూరుమనే మనిషి అతను. మళ్లీ బయల్దేరి కాస్త దూరం వెళ్లేసరికి ఆవిడకి మాత్ర గుర్తొచ్చింది. ఆ తర్వాత కాళ్లు పట్టేశాయి.

"దీన్ని ఆపకూడదని చెప్పాను కదమ్మా."

"నాకు చెప్పావు నాన్నా. నా మోకాళ్లకి చెప్పలేదు."

"పెద్దావిడ కదా, ఆపండి," అంది కోడలు వెనకనుంచి, కిటికీలోకి చూస్తూ.

ఆదివారాలన్నీ ఇలాగే గడిచాయి. పసుపు దీపం మిణుకుమంది, తర్వాత ఎర్రదీపం తోడైంది. ఒకరోజు తోటి ఉద్యోగుల్ని ఎక్కించుకుని వంతెన ఎక్కుతుంటే బండిలో జోరు చచ్చిపోయింది. వెనక నీళ్ల ట్యాంకరు హారన్ మోగిస్తూనే ఉంది. స్నేహితులు దిగి తొయ్యమంటావా అని నవ్వారట. ఇంటికొచ్చి అతను ఈ సంగతి చెబుతుంటే కోడలు పూర్తిగా విని, ఆ నవ్వు గురించి మరోసారి అడిగి చెప్పించుకుంది. ఆ పూట అతనికి అడక్కుండానే ఇంకాస్త కూర వడ్డించింది.

మెకానిక్ యంత్రం తగిలించి మసిని కాల్చి చూశాడు. కొన్నాళ్లకే మళ్లీ మొదటికొచ్చింది. ఇక ఫిల్టరు మార్చాల్సిందే అన్నాడు. దాని ధర విని అతను అక్కడే స్టూలు మీద కూలబడ్డాడట.

ఆ వేళ భోజనాల దగ్గర అతను కంచంలోకే చూస్తూ మాట మొదలుపెట్టాడు.

"ఈ కారు వదిలించేస్తున్నాను. నీ చిన్న బండి ఆ డీలరు దగ్గర ఇంకా అలాగే ఉందట. దాన్నే వెనక్కి తెస్తాను. ఇక తాళాలు, కాగితాలు అన్నీ నీవే. నేను ఆఫీసుకి నడిచి వెళ్తాను." తలెత్తి ఆమెను చూశాడు. "ఏమంటావు?"

అతను ఆమెను అడగడం అదే మొదటిసారి. ఆమె తొందరపడలేదు. నోట్లో ముద్ద పూర్తిగా నమిలి మింగింది. మంచినీళ్లు తాగింది. అతను చెయ్యి ఎండిపోతున్నా లేవకుండా ఎదురుచూశాడు.

"ఆలోచించి చెప్తాను," అంది.

"చెప్పు మరి, ప్లీజ్," అన్నాడు.

"సరే, తీసుకురండి."

అతను ఊపిరి పీల్చుకుని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. కుళాయి చప్పుడు మొదలయ్యాక అత్తగారు కోడలి వైపు వంగి, గొంతు బాగా తగ్గించింది.

"ఈసారి నాకు రివర్స్ చెయ్యడం కూడా నేర్పెయ్, అమ్మాయ్."