కాళ్ళతో పని లేదు

ఉదయం పది ఇరవైకి వంతెన ఎక్కుతున్న తెల్ల కారు సగంలో ఆగిపోయింది. వెనక బస్సు. బస్సు వెనక ఊరు. పది ఇరవై రెండుకు టీచరమ్మ ఫోను మోగింది.

టీచరమ్మ బడిలో పాఠాలు చెప్పదు. కాళ్ళు పనిచెయ్యనివాళ్ళ కార్లకు చేతి మీటలు బిగించి, నడపడం నేర్పుతుంది. పదహారేళ్ళుగా అదే పని. తనూ చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. ఆమె చెయ్యి పడిన ప్రతి కారులో స్టీరింగు పక్కన ఒక స్టిక్కరు ఉంటుంది: ‘అనుమానం వస్తే ఆగి, ఫోన్ చెయ్యండి.’ కింద ఆమె నంబరు. అందుకని పెళ్ళి పందిట్లో ఉన్నా ఫోనే, పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని ఉన్నా ఫోనే.

ఆ రోజు కాగితం పని ఒకటి పడి, ఆటోలో ఒక ఆఫీసుకు వచ్చింది. బల్లకు అవతల పెద్దాయన ఆమె చెప్పేది రాసుకుంటున్నాడు.

“అక్కా, ఈ బండి ఎలా నడపాలి?” ఫోనులో మగ గొంతు. దాని వెనక హారన్లు.

“ఎవరి బండి?”

“మా బావదక్కా. సర్వీసింగుకి ఇద్దామని తీశాను.”

“బావకు చెప్పారా?”

“చెబితే ఇస్తాడా?”

“గేరు రాడ్డుకు చిన్న మీట ఉంటుంది. దానికి ఎర్ర దారం చుట్టి ఉందా?”

“ఉంది. మీకెలా తెలుసు?”

“నేనే చుట్టాను.”

టీచరమ్మ ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది. పెద్దాయన పెన్ను ఆపాడు. ఆ మీటలు కుదరడానికి ఆమెకు నాలుగు నెలలు పట్టింది. కారు వెనక్కి జారి బస్సును కొడితే నాలుగు నెలలూ తుక్కు.

“బండికేమైనా తగిలిందా?”

“ఇంకా లేదక్కా.”

“నడపడం రాకుండా అక్కడిదాకా ఎలా తెచ్చారు?”

“ఇక్కడిదాకా పల్లమేగా. ఇప్పుడే ఎత్తు వచ్చింది. హ్యాండు బ్రేకు పట్టుకుని కూర్చున్నా. కాళ్ళూ చేతులూ ఆడట్లేదు.”

“కాళ్ళు ఆడక్కర్లేదు. చేతులు ఆడితే చాలు.”

టంగుమని చప్పుడు వినపడింది.

“అదేంటి?”

“బ్రేకు తొక్కానక్కా.”

“అక్కడ బ్రేకు లేదు. పెడళ్ళ మీద రేకు బిగించాను. కాళ్ళు తీసెయ్యండి.”

“తీసి ఎక్కడ పెట్టమంటారు?”

“మఠం వేసుకుని కూర్చోండి. నేను చెప్పేదాకా దించొద్దు.”

సీటు కిర్రుమంది. కూర్చున్నాడు.

“కుడి చేతి దగ్గర పొడుగు మీట. తోస్తే బ్రేకు, లాగితే పరుగు. ఎర్ర దారం మీట నొక్కితే క్లచ్చు. అదే చేత్తో గేరు.”

“మరి స్టీరింగెవరు తిప్పాలి?”

“మీరే.”

“ఎన్ని చేతులక్కా?”

“మీ బావకు రెండే.”

ఆమె ఎడ్డెమంటే అతను తెడ్డెమన్నాడు. లాగమంటే తోశాడు, తొయ్యమంటే లాగాడు. ఇంజను రెండుసార్లు ఆగింది. బస్సు డ్రైవరు దిగొచ్చి అతని తాతముత్తాతలను పేరుపేరునా పలకరించాడు. ఆఫీసంతా విన్నది.

“మీ బావ మంచివాడేనా?” అంది టీచరమ్మ, అతను కుదుటపడేందుకు.

“నోరక్కా. కాళ్ళు లేనోడికి అంత నోరెందుకో.”

“కాళ్ళు చెయ్యని పని ఏదో ఒకటి చెయ్యాలిగా. సరే, పొడుగు మీట తోసి పట్టుకోండి. హ్యాండు బ్రేకు దించండి. ఎర్ర దారం నొక్కి మొదటి గేరు. ఇప్పుడు ఆ దారం మీట వదలండి. ఒక్కసారిగా కాదు. నిద్రపోయిన పిల్లాడి తల కింద నుంచి చెయ్యి తీసినట్టు. ఇంజను గొంతు మారిందా?”

“మారింది.”

“లాగండి.”

పది ముప్పై నాలుగుకు కారు కదిలింది. ఆఫీసు గోడవార బెంచీ మీద కూర్చున్న ఇద్దరు చప్పట్లు కొట్టారు. పెద్దాయన చూసేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఎంత దూరం పోవాలి?”

“చాలా దూరమక్కా. మంచి సర్వీసింగు దగ్గర్లో లేదు.”

“క్లచ్చు మీట వదులైనట్టుంది. అంత దూరం ఆగదు. ఇటు రండి, బిగించి పంపిస్తాను. అయిదు నిమిషాలు.”

“ఊరికేనా?”

“ఊరికే.”

పెద్దాయన లేచి వెళ్ళి వెనక గేటు తీయించి వచ్చాడు.

వంతెన దిగి ఎడమకు. రెండో గేరు. నీళ్ళ ట్యాంకు దగ్గర కుడికి. అక్కడ ఒక కుక్క అడ్డం వచ్చింది. అతను ఈసారి తోయవలసినప్పుడు తోశాడు. కుక్క బతికింది.

“చెయ్యి తిరిగిపోయిందక్కా.”

“చూశారా. గోడ వెంబడే రండి. గేటు తీసే ఉంది.”

పది యాభైకి ఇంజను చప్పుడు ఫోనులోనూ కిటికీలోనూ ఒకేసారి వినపడింది.

“ఇక్కడ అన్నీ దుమ్ముపట్టిన బళ్ళేనేంటక్కా?”

“సొంతదార్లు రారు. ఏం చేస్తాం.”

“మీ షెడ్డు పెద్దదే.”

“మీట తోయండి. హ్యాండు బ్రేకు వెయ్యండి. తాళం తియ్యండి. ఇక దిగొచ్చు.”

సీటు మళ్ళీ కిర్రుమంది.

“కాళ్ళు తిమ్మిరెక్కాయక్కా. కదలట్లేదు.”

“తొందరేం లేదు. మావాళ్ళు వచ్చి పట్టుకుంటారు.”

పది యాభై అయిదుకు పెద్దాయన టోపీ తీసి బల్ల మీద పెట్టి, టీచరమ్మ తన కారు పోయిందని పొద్దున ఇచ్చిన ఫిర్యాదులో ఖాళీగా మిగిలిన ఆఖరి గడి నింపాడు: ‘దొంగే కారును స్టేషనుకు నడిపి తెచ్చాడు, బండికి గీత పడలేదు.’