పసిదాని సాక్ష్యం

మొదటి దెబ్బ రఘువీర్ చెవి మీద పడింది. రెండోది ఎవరు కొట్టారో చూసేలోపే మూడోది మూతి పగలగొట్టింది.

"బచ్చా చోర్!" అని అరిచినవాడు మాత్రం చెయ్యి చేసుకోలేదు. ఇస్త్రీ చొక్కా, నీటుగా కత్తిరించిన మీసం, పెద్దమనిషిలా పక్కన నిలబడ్డాడు. వైశాలి మెట్రో స్టేషన్ కింద రఘువీర్ తన పదిహేను నెలల కూతురు సాత్వికని కిందికి దించి ద్రాక్షగుత్తి ఎంచుకునేంతలో, పిల్లని ఎత్తుకుని నడిచింది వీడే. రఘువీర్ పరుగెత్తి లాక్కున్నాడు. పిల్ల హడలిపోయి కెవ్వుమంది. ఏడ్చే పిల్ల ఎవరి చేతిలో ఉంటే వాడే పిల్లల దొంగ. జనానికి ఇంకో రుజువెందుకు?

రఘువీర్ ఢిల్లీకి బదిలీ మీద వచ్చి ఆరు నెలలు. హిందీ మామూలప్పుడే అంతంతమాత్రం, దెబ్బలు తింటూ అసలు నోటికి రాలేదు. తెలుగులోనే మొత్తుకున్నాడు. ఆ భాష అర్థంకాక ఇంకో నలుగురు చేతులు కలిపారు. ఒకడు బెల్టు తీశాడు. కళ్ళద్దాలు ఎవరి చెప్పుల కిందో నలిగాయి. పిల్లని ఒక ఆంటీ లాక్కుంది.

ఆ తెలుగు విని ఆగినవాడు రాజగోపాల్. సెంట్రల్ గవర్నమెంటులో ఆఫీసరు, నున్నగా గీసిన మొహం, ఇరవై ఏళ్ళ ఢిల్లీ హిందీ. ఇతను మా తెలుగువాడేనంటూ చేతులు అడ్డం పెట్టి గుంపుని ఆపాడు.

"సార్... మా అమ్మాయండీ..." రఘువీర్ ఆయన కాళ్ళు పట్టుకున్నాడు.

మీసంవాడు తొణకలేదు. తన భార్యా తెలుగావిడేనని, ఇంట్లో పిల్లకి తెలుగే అలవాటని, వీడెవడో అది కనిపెట్టి నాటకమాడుతున్నాడని హిందీలో అందుకున్నాడు. రాజగోపాల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఎటూ తేలలేదు. పెద్దవాళ్ళు వంద చెబుతారు, పసిదాని నోట అబద్ధం రాదు, అదే చెబుతుందని గుంపుకి తీర్పరిలా ప్రకటించాడు. పిల్లని తీసుకుని నేల మీద నిలబెట్టాడు.

"నాన్న ఏడమ్మా? చూపించు, బంగారూ."

సాత్విక రఘువీర్ని చూసింది. పెదవి చిట్లి, ఒక కన్ను మూసుకుపోయి, మీసం నిండా నెత్తురుతో ఆ మొహం అరుస్తోంది. పిల్ల బెదిరి వెనక్కి జరిగింది. ఇటు తిరిగింది. మీసంవాడు నవ్వుతూ చేతులు చాచాడు.

పిల్ల వాడి వైపు వేలు చూపించి, "నాన్న" అంది.

"సార్, దానికి ఇంకా..." అనబోయాడు రఘువీర్. వెనకనుంచి బూటుకాలు నడుం మీద పడింది. మాట అక్కడే తెగిపోయింది.

రాజగోపాల్ ఈసారి అడ్డుపడలేదు. తెలుగువాళ్ళ పరువు తీశావు కదరా అంటూ తనూ చాచి ఒక్కటి పీకాడు. తర్వాత కింద పడున్న పిల్ల బూటు తీసుకుని పరుగున వెళ్ళి, అప్పటికే పిల్లతో ఆటో ఎక్కి కూచున్న మీసంవాడికి క్షమాపణ చెప్పి, తనే వంగి ఆ చిట్టికాలికి తొడిగాడు. గుంపులోంచి ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. ఆయన తిరిగి చూడలేదు.

ఎటు పోవాలని డ్రైవర్ వెనక్కి తిరిగాడు. బుర్రమీసాల ముసలాయన. మీసంవాడు తొందరగా ఏదో చెప్పాడు, ఆటో కదిలింది. టాటా చెబుతున్న రాజగోపాల్ కళ్ళెదుటే సాత్విక ఏడుపు మాని, డ్రైవర్ మీసాలకేసి వేలు చాచి, ముద్దుగా, "నాన్న" అంది.